అప్పు చేసింది ఒకరు, క్యూలో నిలబడింది మరొకరు

శ్రీలంక ప్రభుత్వం 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు ఇప్పట్లో చెల్లించలేనని ప్రకటించింది. ఆ అప్పు దాదాపు 5,100 కోట్ల డాలర్లు. ప్రియ పాఠకులారా, ఒక చిన్న దేశం దివాలా తీస్తే సామాన్యుని ఇంటికి ఏమవుతుంది? ఆ దేశ రాజకీయానికి ఏమవుతుంది?

ఈ పతనం ఒక్క రోజులో రాలేదు. 2019 ఈస్టర్ ఆదివారం చర్చిలలో, హోటళ్లలో జరిగిన బాంబు దాడుల్లో 250 మందికి పైగా మరణించారు. పర్యాటకం దెబ్బతిన్నది. ఆ భయం నీడలోనే నవంబరులో ఎన్నికలు జరిగాయి. దేశ భద్రతే ప్రధాన నినాదంగా గోటబయ రాజపక్స గెలిచారు. వెంటనే పన్నులు భారీగా తగ్గించారు. ఖజానా చిక్కిపోయింది. మరుసటి ఏడు కరోనా వచ్చింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించగా వరి, తేయాకు దిగుబడి పడిపోయింది.

డాలర్లు లేకపోతే పెట్రోలు, గ్యాసు, మందులు, పాలపొడి ఓడల్లో రావు. రోజుకు 13 గంటల వరకు కరెంటు కోత పడింది. కాగితం లేక కొన్ని చోట్ల బడి పరీక్షలు వాయిదా పడ్డాయి. మందులు లేక ఆపరేషన్లు ఆగాయి. పెట్రోలు క్యూలలో నిలబడి ప్రాణాలు విడిచినవారున్నారు. 2022 సెప్టెంబరు నాటికి ధరలు ఏడాదిలో సుమారు 70 శాతం పెరిగాయి.

అయితే అదే క్యూలో సింహళీయుడు, తమిళుడు, ముస్లిం పక్కపక్కన నిలబడ్డారు. కొలంబో గాల్ ఫేస్ మైదానంలో బౌద్ధ భిక్షువులు, క్రైస్తవ గురువులు, సిస్టర్లు కలిసి నిరసనలో కూర్చున్నారు. రంజాన్ ఉపవాస విరమణ కూడా అక్కడే అందరి మధ్య జరిగింది. భయం విడదీసిన ప్రజలను ఆకలి దగ్గర చేసింది. జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి ప్రవేశించారు. జూలై 13న అధ్యక్షుడు దేశం విడిచారు. మరునాడు రాజీనామా చేశారు.

పాలకుడు వెళ్లాడు గాని భారం వెళ్లలేదు. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సుమారు 300 కోట్ల డాలర్ల సహాయానికి ఒప్పుకున్నది. ఖజానా నింపడానికి 8 శాతంగా ఉన్న విలువ ఆధారిత పన్ను అంచెలంచెలుగా 18 శాతానికి చేరింది. ధనవంతుడూ కూలివాడూ దుకాణంలో కట్టేది అదే పన్ను. డబ్బు లేదన్న కారణంతో స్థానిక ఎన్నికలు సైతం వాయిదా పడ్డాయి. ప్రజలు తమ మాట చెప్పడానికి 2024 సెప్టెంబరు దాకా ఆగవలసి వచ్చింది. 2019లో 3 శాతం ఓట్లు మాత్రమే పొందిన అనుర కుమార దిస్సనాయకేను అప్పుడు అధ్యక్షునిగా ఎన్నుకున్నారు.

పన్ను తగ్గిస్తామన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఆ లోటు రేపు ఎవరి గిన్నెలోనుంచి పూడుస్తారో ఓటు వేసే ముందే అడగాలి. పొరుగు ద్వీపం కోసం ప్రార్థించే సంఘాలు ఈ ప్రశ్నను కూడా నేర్చుకోవాలి.