యాభై హెక్టార్ల వృక్షగణన: బారో కొలరాడో నుండి ముదుమలై వరకు
పనామా కాలువ కోసం ఏర్పరచిన గాటున్ సరస్సులో మునగక మిగిలిన కొండభాగమే బారో కొలరాడో దీవి. 1980లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫోస్టర్ అక్కడ 50 హెక్టార్ల అడవికి హద్దులు గీసి, ఛాతీ ఎత్తున కనీసం 1 సెం.మీ. మందమున్న ప్రతి కాండాన్నీ లెక్కించే పనికి పూనుకున్నారు. కలపకు పనికివచ్చే మానులనే లెక్కించే పద్ధతికి ఇది భిన్నం. అడవి రేపటి రూపం పిల్లచెట్ల చావుబతుకులలోనే ఉంటుంది మరి. 2 లక్షలకు పైగా కాండాలు, సుమారు 300 జాతులు నమోదయ్యాయి. తల్లిచెట్టు సమీపాన మొలకలు దానికే ప్రత్యేకమైన తెగుళ్లవల్ల, పురుగులవల్ల అధికంగా నశిస్తాయన్న జాన్‌జెన్, కానెల్ ప్రతిపాదనకు ఈ గణన బలమిచ్చింది.

1988లో నీలగిరి ప్రాంతపు ముదుమలైలో రామన్ సుకుమార్ బృందం ఇదే పద్ధతిని అంతే విస్తీర్ణంలో చేపట్టింది. అది ఆకురాల్చే అరణ్యం. చిన్న కాండాలకు అక్కడ ప్రధాన శత్రువులు కార్చిచ్చు, ఏనుగులు. నల్లమల వంటి అడవుల అధ్యయనానికి పనామా లెక్కలకంటె ముదుమలై లెక్కలే దగ్గరి ఆధారం.