గుల్‌మార్గ్‌లో స్కీయింగా? ముందు బూట్లు, తర్వాత పార!

గుల్‌మార్గ్ గొండోలా దాదాపు 3,980 మీటర్ల ఎత్తున అఫర్వత్ కొండపైకి తీసుకెళ్తుంది. 2023 ఫిబ్రవరిలో అక్కడే మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. అందుకే సామాను ఎంపికలో తొందర వద్దు.

బూట్లు ఒకే జత సాక్సుతో వేసుకుని చూడండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచుకు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి జరగాలి. మడమ లేవకూడదు. కొండ ఎక్కేందుకు చీలమండ కదిలేలా ‘వాక్ మోడ్’ ఉండాలి. పిన్ బైండింగ్‌కు అన్ని బూట్లూ సరిపోవు, రెండూ కలిపి చూసుకోండి. స్నోబోర్డ్ వాళ్లు మెత్తటి బూట్లతోనే, రెండుగా విడిపోయే స్ప్లిట్‌బోర్డ్ మీద ఎక్కొచ్చు.

ట్రాన్స్‌సీవర్, ప్రోబ్, పార మాత్రం ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాల్సిందే. కూరుకుపోయినవాళ్లను 15 నిమిషాల్లోపు తీయకపోతే బతికే ఆశ వేగంగా తగ్గిపోతుంది. పార ఉన్న ఒక్కరే మంచు కింద పడితే, తవ్వేదెవరు?