చదువురాని పిల్లలు — బుద్ధిపరీక్షలు



చదువురాని పిల్లవానికి పేరు పెట్టుట మన పల్లెలలో బహు సులభము. మొద్దు, మందమతి, సోమరి — ఈ మూడింటిలో ఏదో యొకటి వానికి దక్కును. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి నేనును ఆ పేర్లు పెట్టినవాడనే. కావున ఈ ప్రసంగము పరులకు బుద్ధి చెప్పుటకు గాదు.

పటాన్‌చెరు దాపున నేను పని చేసిన బడిలో ఒక బాలుడుండెను. పద్యము రెండుమారులు వినిన చాలును, తప్పులేక అప్పగించెడివాడు. ఆ పద్యమునే పుస్తకములో చూపి చదువుమన్నచో నోరు పెగలదు. ‘తల’ అని యున్నచోట ‘లత’ యనును. వ్రాతలో వత్తులు జారిపోవును. ప, ష, వ, మ — ఈ నాలుగును వాని కంటికి ఒక్క తీరుననే తోచెడివి. అమరకోశమును చెవితో విని వల్లెవేసి నేర్చినవాడను నేను. చెవికి పట్టుబడిన మాట కంటికి పట్టుబడదా యని నాకు కోపము. పొగరని తలచి బెత్తము వాడితిని. ఏడవ తరగతితో వాడు బడి మాని పాశమైలారములో ఒక కర్మాగారమున కూలికి కుదిరెను.

రెండేండ్ల క్రిందట ఆతడే తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమెకు తొమ్మిదేండ్లు, నాలుగవ తరగతి. “సారూ, నోటితోని చెప్తే అన్నీ తెలుస్తయి. సదువుమంటే ఏడుస్తది. ఈ పిల్ల గూడ నా లెక్కనే అయితదా?” అని యడిగెను. నేను బదులు చెప్పలేక పోయితిని. ఆ బాలికను పరీక్షకు కొనిపోయినపుడు వారితో కూడ నేనును పోయితిని. అక్కడ కనినదే మీకు చెప్పుచున్నాను.

మొదట చెవులు, కన్నులు సరిగా నున్నవా యని చూచిరి. ఇది ముఖ్యము. వినబడని పిల్లవాడు తెలివిలేనివానివలెనే కనబడును. పిమ్మట మనస్తత్వ శాస్త్రము చదివిన యొక అమ్మగారు తల్లిని అడుగసాగెను: పుట్టగానే ఏడ్చెనా? మెడ ఎప్పుడు నిలిపెను? ఎన్నవ నెలలో కూర్చుండెను, నడచెను? మొదటి మాట యెప్పుడు? తన యన్నము తాను తినునా, తోటిపిల్లలతో ఆడునా? తరువాత బాలిక యెదుట ఒక పలక యుంచిరి. అందు గుండ్రము, చదరము, నక్షత్రము మున్నగు పది గుంటలు. వానికి సరిపోవు పది కొయ్యబిళ్ళలు. బిళ్ళలను వాని తావులలో నమర్చవలెను. మూడు మారులు చేయించి, అన్నిటికన్న తక్కువ పట్టిన కాలమును లెక్కకు తీసికొందురు. పిదప బొమ్మలు, చిక్కుప్రశ్నలు, అంకెలను వెనుకనుండి చెప్పించుట. కట్టకడపట చదువు, వ్రాత, లెక్కలు.

ఈ పరీక్షలకు ఆద్యులు ఫ్రాన్సు దేశమున ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అనువారు. 1905లో పారిసులో, బడిలో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక బోధన చేయుటకై వారిని గుర్తించు సాధనముగా దీనిని కూర్చిరి. మన దేశమున వి.వి. కామత్ గారు దానిని కన్నడ, మరాఠీ బాలురకు తగినట్లు సవరించిరి. పిల్లవాడు ఏ యీడువాని ప్రశ్నలకు జవాబు చెప్పగలడో అది వాని మానసిక వయస్సు. దానిని వాస్తవ వయస్సుచే భాగించి నూటితో హెచ్చవేసినది ప్రజ్ఞాలబ్ధి. పదేండ్ల వానికి ఏడేండ్ల మానసిక వయస్సున్నచో 70. నేటి పరీక్షలలో పెక్కింట లెక్కకట్టు విధము మారినది గాని భావము ఇదియే. ఈ అంకె 70కి లోబడినంత మాత్రమున బౌద్ధిక వైకల్యమని నిర్ణయింపరాదు. నిత్యజీవితపు పనులలో కూడ ఆ వెనుకబాటు కనబడవలెను.

అంకెను జాతకచక్రమువలె నమ్ముట బినేగారికే గిట్టలేదు. బుద్ధి పెరుగనిదని వాదించినవారిని ఆయన 1909లో గట్టిగా ఖండించెను. అయినను 1913లో అమెరికాలో హెన్రీ గొడార్డు అను నాయన, న్యూయార్కు రేవునకు ఓడలలో వచ్చి దిగిన పరదేశపు పేదలకు ఇట్టి పరీక్షలే పెట్టించి, వారిలో పెక్కుమంది మందబుద్ధులని తేల్చెను. అలసినవారు, భాష యెరుగనివారు, కొందరు కలము పట్టి యెరుగనివారు!

ఈ కథ మనకెందుకందురా? ఇస్నాపూరులో, బొల్లారములో బడులు చూడుడు. ఒడిశా, బీహారు నుండి వచ్చిన కూలీల పిల్లలు తెలుగు బడిలో గోడవంక చూచుచు కూర్చుండెదరు. తండ్రి పని మారినపుడెల్ల బడి మారును. వారిని తెలుగున పరీక్షించి మందులనుట న్యాయమా? అంత దూరమేల, మన పిల్లవానికి గొడుగు బొమ్మ చూపిన ‘ఛత్రి’ యనును, చొక్కాను ‘అంగి’ యనును. పుస్తకపు మాట రాలేదని తప్పు వేసిన తప్పు పరీక్షకునిదే. పిల్లవాని యింటిభాషలో ప్రశ్నింపుడని మీరు అడుగవచ్చును, అడుగవలెను.

ఆ బాలిక సంగతి చెప్పెదను. ప్రజ్ఞ సామాన్యముగనే యున్నది. చదువుట మాత్రము ఒకటవ తరగతి పిల్లకు సమానము. ఇది డిస్‌లెక్సియా యను అభ్యసన వైకల్యము; వంశములలో వచ్చుటయు కలదు. అది విని తండ్రి, “అంటే నేను గూడ మొద్దును గాదా అమ్మా?” అనెను. నేను కిటికీవైపు తిరిగితిని.

2016 నాటి చట్టము అంగీకరించిన 21 వైకల్యములలో ఇదియు నొకటి. దీనిని ఎనిమిదేండ్లు నిండక మునుపు నిర్ధారింపరు. ఆలోపల అక్షరములు తడబడుట పెక్కుమందికి కలదు. ధ్రువపత్రమున్న పిల్లలకు పరీక్షలలో అదనపు కాలము, వ్రాయసగాని సాయము దొరకును. ఇప్పుడా బాలికకు మాస్టరు ప్రశ్నలను పైకి చదివి వినిపించును. ఇంట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుచున్నారు. నిదానముగా వచ్చుచున్నది.

నడక, మాట ఆలస్యమైన పసివారి విషయమున ఎనిమిదేండ్లవరకు వేచియుండరాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్వాడీలకు ఏటికి రెండుమారులు, బడులకు ఒకమారు రావలసియున్నది. ఆ దినమున బిడ్డను ఇంట దాచకుడు. మండలములలో భవిత కేంద్రములున్నవి. సికింద్రాబాదు మనోవికాస్ నగరులో 1984లో స్థాపితమైన కేంద్రప్రభుత్వ సంస్థ కలదు. బౌద్ధిక వైకల్యము గలవారి కొరకే అది యేర్పడినది.

పోవునపుడు జనన పత్రము, టీకాల కార్డు, తప్పులతో నిండిన నోటుపుస్తకములు తీసికొనిపోవుడు. క్రొత్తవి కాదు, పాతవే. బిడ్డను పెంచినవారు అవ్వయైనచో అవ్వయే వెంట పోవలెను. కడుపునిండ పెట్టి కొనిపోవుడు. ఆనాడు జ్వరమున్నను, రాత్రి నిదురలేకున్నను, మరియొక దినము ఇమ్మని అడిగి తిరిగి రండు.