ప్రాణదాతకు ప్రతినాయకుడు : డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

పదమూడేండ్ల బాలుడొకడు, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వెడలినాడు. తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టినారు. మెట్రిక్యులేషను పరీక్షలో ఆ బాలుడు రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కినాడు. పరీక్షలు తప్పిన విద్యార్థులను తొందరపడి తూచరాదని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు గదా!

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించినారు. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించి ఆంగ్లేయుడగు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియైనారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కినది. అంతకంటె పెద్ద గాయము ఇంటిలో తగిలినది. అన్నగారు పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి కొలది దినముల వ్యవధిలో సంగ్రహణి వ్యాధితో మరణించినారు. వైద్యము నేర్చుచున్నవాని కన్నులయెదుటనే వైద్యము నిస్సహాయమైనది.

మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి సాయముతోను వారు 1923లో బోస్టను చేరినారు. పగలు హార్వర్డులో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు కొలువు. 1925లో ఫిస్కెతో కూడి, రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించినారు. ఇరువురి పేర్లతోను అది నేటికిని విద్యార్థులకు పరిచితమే. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి. అను పదార్థములను గూర్చిన శోధనలు వెనువెంటనే వచ్చినవి. అయినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో వారు లెడర్లీ ఔషధసంస్థ పరిశోధనాలయమునకు తరలిపోయినారు.

అచటనే అసలు కథ నడచినది. పాలకూర వంటి ఆకుకూరలలో నుండు ఫోలికామ్లమును 1945లో వారి బృందము కృత్రిమముగా తయారుచేసినది. కొన్ని రక్తహీనతలకును, సోదరులను బలిగొన్న ఆ సంగ్రహణికిని అది మందైనది. అయితే బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు ఫోలికామ్ల సంబంధములైన పదార్థముల నిచ్చి చూడగా, వ్యాధి మరింత విజృంభించినట్లు తోచినది. పోషకము రోగకణములకును పోషకమే! అట్లయిన, చూచుటకు ఫోలికామ్లము వలెనే యుండి, కణములోని దాని స్థానము నాక్రమించి పనిని చెరచు పదార్థము కావలెను. తాళపుచెవిని పోలిన మరియొక చెవి రంధ్రమున దూరి తిరుగక బిగిసిపోవుట వంటి ఉపాయమిది. సుబ్బారావుగారి ఆధ్వర్యమున లెడర్లీ రసాయనికులు అట్టి అమినాప్టెరినును సృష్టించి ఫార్బరునకు పంపినారు.

1948 జూనులో ఫార్బరు ఫలితములను ప్రకటించినాడు. పదునారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గినది. తాత్కాలికమే, వ్యాధి మరల తిరుగబెట్టినది. కాని పిల్లల రక్తపు కాన్సరును మందుతో వెనుకకు నెట్టవచ్చునని వైద్యలోకము మొదటిసారి కన్నులార చూచినది.

ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, ఆగస్టులో, యాబదిమూడవ యేట సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసినారు. అమినాప్టెరినునకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు 1950వ దశకమున కోరియోకార్సినోమా అను కాన్సరును నయము చేసినది. పిల్లల రక్తపు కాన్సరు చికిత్సలో నేటికిని వాడబడుచున్నది. 1923లో భార్య శేషగిరిగారిని విడిచి వెళ్లినవారు మరల స్వదేశమునకు రాలేదు. అమెరికా పౌరసత్వమును స్వీకరింపనులేదు.