ఒక్క పాయింటు మారితే ఎన్ని త్రిభుజాలు కదులుతాయి?

డ్రోన్ సర్వే ఫైలు తెరిస్తే లక్షల పాయింట్లు. వాటిలో ఒక్కటి దిద్దితే నేలంతా మళ్లీ అల్లుకోవాలా? సివిల్ క్లాసులో ఓ అమ్మాయి అడిగిన ఈ ప్రశ్నకు జవాబు మూలం కంప్యూటర్లు రాకముందే ఉంది. బోరిస్ దెలోనే అనే రష్యన్ గణితవేత్త 1934లో రాశాడు. కొండలెక్కడంలోనూ ఘనుడాయన, ఆల్తాయ్ పర్వతాల్లో ఆయన పేరుతో ఓ శిఖరం ఉంది.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఏ త్రిభుజానికి పరివృత్తం గీసినా దాని లోపల ఇంకో పాయింటు ఉండకూడదు. ఇప్పుడు ఆ వలలో కొత్త పాయింటు వేయండి. అది ఎవరి పరివృత్తంలో పడిందో ఆ త్రిభుజాలకే షరతు చెడింది. వాటిని చెరిపేసి, మిగిలిన గుంట అంచు మీది మూలలన్నిటినీ కొత్త పాయింటుకు కలిపితే పని అయిపోయింది. మిగతా నేల జోలికి పోనక్కర్లేదు. పైగా ఎన్ని లక్షల పాయింట్లున్నా ఒక్కో పాయింటుకు తగిలే గీతలు సగటున ఆరుకు చేరవు! ఇలా చెరిపి కలిపే పద్ధతిని ఏడ్రియన్ బోయర్, డేవిడ్ వాట్సన్ ఎవరికి వారుగా కనిపెట్టారు. ఇద్దరి వ్యాసాలూ 1981లో ఒకే పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. స్వయంగా తన భాగాలు తయారుచేసుకునే రెప్‌రాప్ త్రీడీ ప్రింటర్‌కు తర్వాత శ్రీకారం చుట్టింది కూడా ఈ బోయరే.

వృత్తాలు గీసేది ప్లాన్‌లో. అందుకే లెవెల్ మాత్రమే సరిచేస్తే ఒక్క గీత కూడా జరగదు. ఈ సుగుణంలోనే ఓ చిక్కుంది: వృత్తానికి ఎత్తు తెలియదు. కాలువ గట్టు మీద 20 మీటర్ల దూరంలో రెండు పాయింట్లు, లెవెల్ 52. వాటి నడుమ గట్టుకు అటూ ఇటూ అడుగున, 8 మీటర్ల ఎడంతో ఇంకో రెండు, లెవెల్ 50. ఈ నాలుగింటి చతుర్భుజంలో దెలోనే షరతు పొట్టి కర్ణాన్నే ఎంచుకుంటుంది. అంతే, గట్టు నడిమధ్యన రెండు మీటర్ల గండి! ఎడ్జ్ స్వాప్ చేసి కర్ణాన్ని మారిస్తే గండి పూడుతుంది. కిలోమీటర్ల గట్టుకైతే పైఅంచు వెంట బ్రేక్‌లైన్, అంటే త్రిభుజాలు దాటకూడని గీత, వేయడమే దారి.

1970లలో కెనడాలో థామస్ పాయికర్ బృందం ఈ త్రిభుజాల వలను మ్యాపుల్లోకి తెచ్చింది. ఆ తర్వాత అది ప్రతి డిజైన్ ఆఫీసుకూ చేరింది.

మరి సివిల్ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఈ వలతో అల్లిన పెద్ద సర్ఫేస్ ఎందుకు మొరాయిస్తుంది? అది మనం చేసిన మార్పులను వరసగా దాచుకుని, రీబిల్డ్ అన్నప్పుడల్లా మొదటి ఫైలు నుంచి అన్నీ మళ్లీ చేస్తుంది. స్నాప్‌షాట్ తీస్తే, అంటే అప్పటి సర్ఫేస్‌ను భద్రపరిస్తే, అక్కడి నుంచే మొదలెడుతుంది. దిద్దేంతసేపూ ఆటోమేటిక్ రీబిల్డ్ ఆపేయడం, కావలసిన ముక్కను వేరే చిన్న సర్ఫేస్‌గా దిద్ది పెద్దదానిలో పేస్ట్ చేయడం కూడా నేను గట్టిగా చెప్పే పద్ధతులే. స్నాప్‌షాట్‌కు ముందున్న సర్వే ఫైలు తర్వాత మారితే మాత్రం, రీబిల్డ్ స్నాప్‌షాట్ నొక్కేదాకా సర్ఫేస్ పాత లెవెల్స్‌తోనే ఉంటుంది.