పలుపు బిగిస్తే చాలదు!

సరూర్‌నగర్ చెరువుకట్ట వాలులో మా పాత అంబాసిడరు నిలిపి దిగాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూతునుగదా, బండి మెల్లగా కదులుతోంది! దిగువన పిల్లలు ఆడుకుంటున్నారు. చక్రం కింద రాయి వేశాకగాని నా ప్రాణం కుదుటపడలేదు.

తప్పు బండిది కాదు, నాదే. హ్యాండ్‌బ్రేకు వదులైనప్పుడల్లా కేబులు బిగించి ఊరుకునేవాణ్ణి. 2014లో తయారీ నిలిచిపోయిన ఈ బండిలో ఆ కేబులు వెనుక డ్రమ్ములలోని షూలను విప్పి, డ్రమ్ముకు అదిమిపడుతుంది. లైనింగు అరిగేకొద్దీ మధ్య ఎడం పెరుగుతుంది. ఎడం తగ్గించకుండా కేబులు బిగించడమంటే, గుంజ ఊగుతుంటే పలుపు బిగించడమే!

క్రమం ఇదీ: చదును నేలమీద ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్లమీద నిలపాలి. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా వదలాలి. డ్రమ్ము వెనుకనున్న సర్దుబాటు మరను చక్రం పట్టేసేదాకా తిప్పి, మళ్ళీ చక్రం తేలికగా తిరిగేంతవరకే వదలాలి. రెండో చక్రానికీ అంతే. కేబులు సంగతి ఆ తరువాత. లైనింగు పలచబడినా, నూనెలో తడిసినా మార్చవలసిందే. లోపలి దుమ్మును మాత్రం నోటితో ఊదకండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు.

ఇప్పటికీ వాలులో బండి ఆపితే గేరు వేసి, చక్రానికి రాయి పెడతాను.

"ఇంత నేర్చుకున్నాక కూడా రాయెందుకండీ?" అని నవ్వుతుంది మా ఆవిడ.

నేర్చుకున్నాకనే గదా, రాయి విలువ తెలిసింది!