పూరీ విమలమ్మ గుడి

పూరీ అనగానే అందరం జగన్నాథస్వామి అంటాం. కాని ఆ పెద్ద గుడి ప్రహరీ లోపలే, నైరుతి మూల, రోహిణీ కుండం పక్కన ఒక అమ్మవారి గుడి ఉంది. ఆమె పేరు విమల. ఒడియావాళ్ళు బిమలా అంటారు. శక్తిపీఠం అని పేరు. కిందటి వేసవి సెలవుల్లో మా మామయ్యవాళ్ళతో పలాసలో రైలెక్కి వెళ్ళి చూశాను.

ముందు అన్నం సంగతి చెప్తాను. స్వామికి కట్టెల పొయ్యి మీద మట్టికుండల్లోనే వంట. కుండ మీద కుండ పెట్టి వండుతారు. ఆ అన్నం స్వామికి నైవేద్యం పెట్టినా ఇంకా మహాప్రసాదం కాదు. తీసుకెళ్ళి విమలమ్మకు పెట్టాలి. అప్పుడే మహాప్రసాదం అవుతుంది, ఆనందబజారుకు వస్తుంది. అక్కడ కులం చూడకుండా కలిసి తింటారు. మన హాస్టల్లో వార్డెన్ మేడం రుచి చూశాకే మనకు గంట కొడతారు కదా, అలా అనుకోండి. (మేడం, కోప్పడకండి.)

దీనికొక కథ ఉంది. శివుడు విష్ణువు దగ్గరకు వెళ్ళి ఆయన తిని వదిలిన మెతుకు ఒకటి తిన్నాడట. ఇంకో మెతుకు గడ్డంలో చిక్కుకుంటే నారదుడు చూసి తినేశాడట. తనకు మిగల్చలేదని పార్వతికి కోపం వచ్చింది. పూరీలో నా ప్రసాదం రోజూ నీకే ముందు అని విష్ణువు మాటిచ్చాడట. ఆ పార్వతే విమలమ్మ.

పెద్ద గుడి కట్టడం 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడు మొదలుపెట్టాడు. ఆ గంగరాజుల పాత రాజధాని కళింగనగరం మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగమే. విమలమ్మ స్థానం ఆ గుడి కంటే పాతదని చరిత్రకారులు అంటారు. స్వామిని మొదట కొలిచినవాడు విశ్వావసుడనే సవర దొర అని అక్కడ చెప్పుకుంటారు. నేను సవర పిల్లనే కాబట్టి ఇది రెండుసార్లు అడిగి రాసుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. మా ఊళ్ళో కందికొత్త పండక్కి కోడిని కోస్తాం. అది విని ఒకమ్మాయి మీది మొరటు పూజ అంది. ఎవరో చెప్పను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విమలమ్మకు ఏడాదంతా స్వామి ప్రసాదమే, అందులో మాంసం ఉండదు. కాని దసరా రోజుల్లో అర్ధరాత్రి ఆమెకు మేకపోతును బలిస్తారు. మార్కండ చెరువు చేపలు వండి పెడతారు. విగ్రహం చూస్తే ఒక చేత జపమాల, ఒక చేత అమృత కలశం, ఆయుధం కనబడలేదు. అయినా ఆ రోజుల్లో ఆమెది ఉగ్రరూపం అంటారు.

ఆ పూజకు ఆడవాళ్ళను రానివ్వరు. గుండె బలం చాలదట! మా ఇంట్లో కోడి ఈకలు పీకి, ముక్కలు కొట్టి, వండేది మా అమ్మా నేనూ.

ఇంటికొచ్చి ఇదంతా మా అవ్వకు చెప్పాను. "మరి పగలు చెయ్యకుండా రాత్రెందుకే?" అంది.

"స్వామి తలుపులు మూశాక మొదలుపెట్టి, తెల్లారి తియ్యకముందే అంతా అయిపోవాలట అవ్వా" అన్నాను.

అవ్వ నవ్వి చుట్ట వెలిగించుకుంది.